తిప్పి చూసిన ట్రే

మొదట నా దగ్గర ఉన్నవి ఇవి: మెదక్‌లో చర్చికి పోయే దారిలో కిరాయికి తీసుకున్న ఒక షట్టరు దుకాణం, ఒక పాత ట్రాలీ ఆటో, మనోహరాబాద్ దిక్కున నాలుగు కోళ్ల ఫారాల వాళ్ల నమ్మకం, నా భార్య పెర్సిస్ కళ్లు. మొదటి మూడూ ఊళ్లో గుడ్లు అమ్మే ఎవరికైనా ఉంటాయి. నాలుగోది నాకొక్కడికే ఉంది. నా వ్యాపారమంతా దాని మీదే నడిచింది.

గుడ్డును పైనుంచి చూసి ఏమీ చెప్పలేం. మంచిదీ చెడ్డదీ ఒకే తెలుపు. మా దుకాణంలో వెనక పరదా కట్టిన మూల ఒకటుంది. అక్కడొక చెక్క డబ్బా, దానికి రూపాయి బిళ్లంత కన్నం, లోపల బల్బు. గుడ్డును ఆ కన్నానికి ఆనించి వేళ్లతో తిప్పితే లోపలిదంతా తెలుస్తుంది. పచ్చసొన నీడలా కదులుతుంది. పెంకు చిట్లి ఉంటే సన్నటి వెలుగు గీత. రక్తపు చుక్క ఉంటే నల్లటి మచ్చ. పాతబడ్డ గుడ్డయితే మొద్దు కొసన గాలి చేరిన జాగా పెద్దదవుతుంది. ఈ పని నేనూ చేస్తాను. కానీ నేను ఒక గుడ్డు చూసేలోపు పెర్సిస్ నాలుగు చూసి పక్కన పెడుతుంది.

నాటు గుడ్లకు వేరే డబ్బా ఉంది. వాటి పెంకు ముదురు రంగు కాబట్టి చిన్న బల్బు వెలుగు లోపలికి పోదు. దాని ముందు పెడితే అన్నీ మంచి గుడ్లే. అందుకని గట్టి బల్బు పెట్టిన రెండో డబ్బా చేయించాం. ఆ వేడికి వేళ్లు చురుక్కుమంటాయి. అయినా పెర్సిస్ నాటు గుడ్డును చిన్న బల్బు ముందు పెట్టనివ్వదు.

చూడటం అయిపోయిన ట్రే అంచు మీద సుద్దతో ఒక గీత పెడతాం. గీత పడిందంటే ఇక దాన్ని మళ్లీ చూసేది లేదు. చూసినదాన్నే మళ్లీ చూస్తూ కూర్చుంటే సరుకు కదలదు. ఆ గీతను ఊరంతా నమ్మింది. బేకరీ వాళ్లు మామూలుగా ప్రతి గుడ్డునూ ముందు చిన్న గిన్నెలో కొట్టి, చూసి, ఆ తరువాత పిండిలో పోస్తారు. మా గీత ఉన్న ట్రే అయితే గిన్నె లేకుండా నేరుగా పిండిలోనే కొట్టేవాళ్లు.

మూడేళ్ల కిందట పెర్సిస్‌కు రొమ్ములో గడ్డ వచ్చింది. పట్నంలో ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు. జుట్టు పోయి మళ్లీ వచ్చింది. మొన్న ఆగస్టులో ఒళ్లంతా స్కాన్ చేసి, ఎక్కడా ఏమీ లేదన్నారు. ఆ రోజు నేను మనసులో పెర్సిస్ మీద సుద్ద గీత పెట్టేశాను.

డిసెంబరు మొదట్లో, క్రిస్మస్ కేకుల గిరాకీ మొదలైన వారంలో, చౌరస్తా దగ్గర బేకరీ నడిపే రాకేష్ బండి దిగి నేరుగా గల్లా దగ్గరికి వచ్చాడు.

"ప్రభన్నా, పండుగొచ్చిందని నాకు కటింగ్ పెడుతున్నవా ఏంది?"

"ఏం కటింగ్ రా?"

"ట్రేకు అయిదు గుడ్లు తక్కువ. ఒక్క ట్రే అయితే ఊకుందు. మూడు ట్రేలు. ఇగో, ఫోటో తీసిన, సూడు."

"కేకుల కలిపి ఫోటో తీసినవేమో."

"మా అమ్మ తోడన్నా. తాడు ఇప్పంగనే తీసిన."

ఫోన్ తీసుకుని చూశాను. మూడు ట్రేల మీదా మా గీత ఉంది. మూడింట్లోనూ ఒక పక్క చివరి వరుస మొత్తం ఖాళీ. అయిదు గుంతలు, అయిదూ ఖాళీ. నాకు కోపం కంటే ముందు వింతగా అనిపించింది. దొంగ అయితే అక్కడొకటి ఇక్కడొకటి తీస్తాడు. ఇలా వరుస పట్టి తీయడు. దారిలో పగిలితే తడి ఉంటుంది, పెంకులుంటాయి. అవీ లేవు. ఇంకొకటి కూడా కనిపించింది. మూడు ట్రేలలోనూ సుద్ద గీత మన వైపు పెట్టుకుని చూస్తే, ఖాళీ వరుస ఎడమ పక్కనే ఉంది.

రాకేష్‌కు తక్కువైన గుడ్లు ఇచ్చి పంపించాను. పోతూ పోతూ, "ఇగ మీ గుడ్లు గూడ గిన్నెల కొట్టి సూడాలె గావచ్చు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట నాకు గుచ్చుకుంది.

పరదా వెనక్కి పోయి, పెర్సిస్‌కు తెలియకుండా ఆమె వెనక నిలబడ్డాను. చేతులు ఎప్పటిలాగే ఆడుతున్నాయి. గుడ్డును కన్నానికి ఆనించడం, తిప్పడం, ట్రేలో పెట్టడం. చెడ్డవాటిని సరిగ్గానే తీసి పక్కన పెడుతోంది. కుడి వైపు నుంచి వరుసలు నింపుకుంటూ వచ్చింది. ఎడమ చివర ఒక వరుస ఉండగానే, "నిండింది," అని తనలో తాను అనుకుని, గీత పెట్టి, ఇంకో ట్రే అందుకుంది.

ముందుకు వంగి, ఆ ట్రేను అటుది ఇటు తిప్పి పెట్టాను. ఖాళీ వరుస ఇప్పుడు కుడి వైపుకు వచ్చింది.

"అరే! గీ వరుస ఎవరు తీసిండ్రు?" అంది పెర్సిస్. "ఇప్పుడే నింపిన గదా! నిస్సి డాడీ, ఆమ్లెట్ ఏసుకున్నవా ఏంది?"

నిస్సి మా అమ్మాయి. జహీరాబాద్‌లో టీచరు.

"నేను ముట్టలేదు. తిప్పిన, అంతే."

"తిప్పితే గుడ్లు మాయమైతయా?"

చేతిలో ఉన్న చాయ్ గ్లాసును ఆమెకు ఎడమ పక్కన బల్ల మీద పెట్టాను. ఆమె ఎదురుగానే చూస్తోంది.

"చాయ్ తెచ్చిన," అన్నాను.

"ఏది?"

గ్లాసును కుడి పక్కకు జరిపాను. వెంటనే అందుకుంది. తాగబోయి ఆగింది. నా ముఖం చూసింది, గ్లాసును చూసింది.

"మళ్ల పెట్టు," అంది.

"ఏంది?"

"ఎడమకు పెట్టు. నేను తల తిప్పను."

పెట్టాను. లేదంది. నెమ్మదిగా తల ఎడమకు తిప్పుకుంటూ వచ్చింది. ఒక చోటికి రాగానే, "ఆ, వచ్చింది!" అంది. మళ్లీ తల ఎదురుకు తిప్పింది. "పోయింది." మళ్లీ తిప్పింది. ఆటలాడే చిన్నపిల్లలా నాలుగైదు సార్లు అలాగే చేసింది. తరువాత బల్బు ఆర్పేసి స్టూలు మీద కూర్చుంది.

"ఎప్పటిసంది గిట్ల?" అడిగాను.

"నాకేం తెలుసు? కనిపియ్యనిది కనిపిస్తలేదని ఎట్ల తెలుస్తది?"

మర్నాడు పొద్దున ఊళ్లోనే కళ్ల డాక్టర్ దగ్గరికి పోయాం. పెద్దాయన. పెర్సిస్‌కు ఒక కన్ను మూయించి, తన వేలు ఆడిస్తూ అడిగాడు. రెండో కన్ను మూయించి మళ్లీ అడిగాడు.

"అమ్మా, నీ రెండు కళ్లూ మంచిగనే ఉన్నయి," అన్నాడు. "కానీ రెండింటికీ ఎడమ పక్కనే కనిపిస్తలేదు. కన్ను చెడితే ఆ ఒక్క కంటి చూపు పోతది. రెండు కళ్లకు ఒకే పక్క పోయిందంటే తప్పు కండ్లల్ల లేదు, ఎనక మెదడుల ఉంటది. ఇంతకుముందు ఏమన్న పెద్ద రోగం వచ్చిందా?"

చెప్పింది. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టాడు.

"ఆ డాక్టర్ దగ్గరికి రేపే పోండ్రి."

"సార్, ఆగస్టుల ఒళ్లంత స్కాన్ అయింది," అన్నాను. "ఏం లేదన్నరు. చూసిందే మళ్ల చూసుడెందుకు?"

"ఏ స్కాన్ ఏం చూపెడతదో ఆ మేడమ్‌నే అడుగు. పండుగ అయినంక పోతమని మాత్రం అనకు."

నిజానికి నోటి దాకా వచ్చింది ఆ మాటే. మింగేశాను. దుకాణం తాళాలు మా తమ్ముడు బెంజమిన్‌కు ఇచ్చి, పెర్సిస్‌ను తీసుకుని పట్నం బస్సెక్కాను.

పెర్సిస్‌కు మొదటినుంచీ వైద్యం చేసిన డాక్టర్ పేరు రిషిత. చిన్న వయసే గానీ ఏది అడిగినా విసుక్కోదు. ఆగస్టు స్కాన్ సంగతి ఆమెనూ అడిగాను.

"ఆ స్కాన్‌కు ముందు ఏం ఇచ్చినమో గుర్తుందా?" అంది.

"ఏదో ఇంజెక్షన్ ఇచ్చిండ్రు," అంది పెర్సిస్.

"అది ఒక తీరు చక్కెర. క్యాన్సర్ గడ్డ చక్కెరను ఎక్కువ తింటది. అందుకని గడ్డ ఉన్నచోట ఆ చక్కెర చేరి వెలుగుతది. కానీ మెదడుకు ఎప్పుడూ చక్కెరే తిండి. అది మొత్తం వెలుగుతనే ఉంటది. అంత వెలుగుల చిన్న గడ్డ ఉంటే ఎట్ల కనబడతది?"

"పగటిపూట టార్చిలైటు ఏసినట్టు," అంది పెర్సిస్.

"అంతే. అప్పుడు గడ్డ లేకపోయి ఉండొచ్చు, ఉన్నా దొరకకపోయి ఉండొచ్చు. మెదడుకు ఎంఆర్ఐ కావాలె. ఈ రోజే చేయించుకోండ్రి."

అంటే నేను పెట్టిన గీత మెడ కిందికే చెల్లుతుంది. ఇన్నాళ్లూ తల గుంత ఖాళీగా ఉన్న ట్రేను నిండిందనుకుని మోసుకు తిరిగాను.

కింది అంతస్తులో స్కాన్ గది. అక్కడ మిషన్ నడిపే అబ్బాయి పేరు అమరేందర్. చీటీ చూసి, ముందు రక్త పరీక్ష కావాలన్నాడు. రిపోర్టు సాయంత్రానికి వస్తుందట.

"రక్తం ఎందుకు?" అన్నాను. "చూడాల్సింది తలకాయ గదా."

"మధ్యల మందు ఎక్కించాలె అంకుల్. ఆ మందు కిడ్నీల నుంచి బయటికి పోతది. కిడ్నీలు మంచిగున్నయో లేవో చూడకుండ ఎక్కియ్యలేం."

"మందు లేకుండ తియ్యరాదా?"

"తీస్తం. కానీ మేడమ్ మందుతోనే రాసింది. వద్దంటే ఆమెకు ఫోన్ చేసి అడగాలె."

నా లెక్క నాకుంది. ముందు మందు లేకుండా తీస్తే ఇప్పుడే అయిపోతుంది. అందులో ఏమైనా అనుమానం వస్తే అప్పుడు మందు సంగతి చూడవచ్చు. అనుమానం లేకపోతే సాయంత్రం బస్సుకు మెదక్ చేరుతాం. అసలే పండగ సరుకు, బెంజమిన్ ఒక్కడు. ఫోన్ చేయమని అబ్బాయికి చెప్పబోతుంటే పెర్సిస్ కలగజేసుకుంది.

"బాబూ, ఆ మందు ఏం చేస్తది?"

"రక్తంతోని తిరుగుతది ఆంటీ. మంచి మెదడుల రక్తనాళాలు గట్టిగుంటయి, మందును బయటికి రానియ్యవు. గడ్డ ఉన్నకాడ అవి కారుతయి. మందు ఆడ దిగుతది. ఫోటోల తెల్లగ మెరుస్తది."

"మెరవకపోతే?"

"గడ్డ పెద్దగుంటే మందు లేకున్నా తెలుస్తది. చిన్నది అయితే పక్కనున్న మెదడు రంగుల కలిసిపోతది."

పెర్సిస్ నా వైపు తిరిగింది. నేను ఆమెకు ఎడమ పక్కన నిలబడ్డాను కాబట్టి నన్ను చూడటానికి ఒళ్లంతా తిరగాల్సి వచ్చింది.

"నిస్సి డాడీ, నాటు గుడ్డును చిన్న బల్బు ముందట పెడతవా?"

నేను ఫోన్‌లో టైము చూసుకున్నాను.

"చెప్పు. పెట్టి, గీత పెట్టి, రాకేష్‌కు అమ్ముతవా?"

"గుడ్డు వేరు, నువ్వు వేరు."

"వేరే గదా. గుడ్డు కాడనే అంత చూస్తిమి. నాకాడ జర ఎక్కువనే చూడు."

అమరేందర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రక్తం తీసుకోమన్నాను.

సాయంత్రం దాకా ఆ వరండాలోనే కూర్చున్నాం. పెర్సిస్ ఊరికే కూర్చోలేదు. ఎదురుగా గోడకున్న గడియారాన్ని కదలకుండా చూస్తూ ఏ అంకెలు కనబడుతున్నాయో, ఏవి కనబడటం లేదో నాకు చెప్పింది. పన్నెండు నుంచి ఆరు దాకా కనబడుతున్నాయట. ఏడు నుంచి పదకొండు దాకా లేవు. "గడియారం కొన్నోడు సగం పైసలే ఇయ్యాలె," అని నవ్వింది. నేనూ నవ్వాను.

రక్తం రిపోర్టు బాగుంది. గాజులు, చెవి కమ్మలు, మెడలో సిలువ గొలుసు తీసి నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. తలుపు అవతల నుంచి దబదబమని మోత. కొంచెంసేపు ఆగింది. మందు ఎక్కిస్తున్నారని తెలిసింది. మళ్లీ మోత. బయటికి వచ్చాక, "ఎట్లుండె?" అని అడిగితే, "కరాబైన జనరేటర్ల తలకాయ పెట్టినట్టుండె," అంది. "మందు ఎక్కిచ్చినప్పుడు చెయ్యంత సల్లగైంది. తలకాయల ఏడ దిగుతదో తెలుస్తదేమోనని చూసిన. ఏం తెలుస్తలేదు."

రాత్రికి సత్రంలో ఉండి, పొద్దున్నే రిషిత డాక్టర్ గదికి పోయాం. ఆమె కంప్యూటర్ తెరను తన వైపు పెట్టుకుని మాటలు వెతుక్కుంటోంది.

"మేడమ్, నాకు చూపెట్టుండ్రి," అంది పెర్సిస్. "నా పనే అది. నేను చూస్త."

డాక్టర్ ఒక నిమిషం ఆలోచించి తెరను మా వైపు తిప్పింది. నల్లటి తెర మీద అక్రోటు గింజను అడ్డంగా కోసినట్టు బూడిద రంగు బొమ్మ. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది.

"ఇది మందు ఎక్కించకముందు తీసింది. ఇక్కడ వెనక వైపు కొంచెం తేడాగా ఉంది చూడండ్రి, అది వాపు. ఇది మందు ఎక్కించినంక."

రెండో బొమ్మలో అదే చోట తెల్లటి ఉంగరంలా ఒకటి మెరుస్తోంది. పెద్ద శనగ గింజంత ఉంటుందేమో.

"ఎడమ దిక్కు కనిపిస్తలేదంటే, గడ్డ కుడి దిక్కు ఉండాలె అన్నది మా అమ్మాయి, ఫోన్ల. ఇది ఎడమ దిక్కు ఉంది గదా?" అంది పెర్సిస్.

"బొమ్మను మనకు ఎదురుగ నిలబడ్డ మనిషి లెక్క చూడాలె. మన ఎడమ, మీ కుడి. ఇది మీ కుడి వైపే. ఎడమ పక్క చూపు ఇక్కడికే వస్తది."

"మా దగ్గర చెడ్డది నల్లగ కనిపిస్తది. మీ దగ్గర తెల్లగ," అంది పెర్సిస్. ఆ తరువాత, "గుడ్డును తిప్పుతం మేము. దీన్ని తిప్పొచ్చా?" అని అడిగింది.

డాక్టర్ మౌసు మీది చక్రాన్ని కదిపింది. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి మారిపోతున్నాయి. కింది నుంచి పైకి, పొరలు పొరలుగా, పెర్సిస్ తల మొత్తం మా ముందు కదిలిపోతోంది. నా పెళ్లాం తల లోపలి సంగతి ముప్ఫై ఏళ్లుగా నాకు అంతుపట్టలేదు. అది అలా తెర మీద నడిచిపోతుంటే, భయపడాల్సినవాణ్ని, కళ్లు తిప్పుకోలేకపోయాను.

"ఆగుండ్రి," అన్నాను నేనే. మెడకు దగ్గరగా, కింది భాగంలో ఒక తెల్లటి చుక్క మెరిసి పోయింది.

"అవును," అంది డాక్టర్. "అది రెండోది. ఇంకొకటి ముందు వైపు ఉంది." చూపించింది. మిరియపు గింజంత. తరువాత మందు లేకుండా తీసిన బొమ్మల్లో అదే రెండు చోట్లూ చూపించింది. అక్కడ ఏమీ లేదు. బూడిద రంగు, అంతే.

మందు లేకుండా తీయించి ఉంటే వెనకది ఎలాగూ దొరికేది. అప్పుడు మళ్లీ మందు ఎక్కించేవాళ్లేమో, అప్పుడైనా దొరికేవేమో. లేదా ఒక్కదానికే వైద్యం చేయించుకుని, నేను ఇంకో గీత పెట్టుకుని ఇంటికి పోయేవాణ్నేమో. ఆ లెక్క అక్కడే ఆపేశాను.

"రొమ్ము నుంచే వచ్చినయా?" అడిగింది పెర్సిస్.

"అట్లనే కనిపిస్తుంది. రక్తంతో వచ్చి అక్కడ నాటుకున్నయి."

"ఇప్పుడేం చేస్తరు?"

"మూడే ఉన్నయి, చిన్నగున్నయి. కోత అక్కర్లేదు. కిరణాలను ఒక్కోదానికి గురిపెట్టి కాలుస్తం. ఎక్కడున్నయో తెలిస్తేనే గురిపెట్టగలం. తెలియనిది అట్లనే పెరుగుతది." డాక్టర్ ఆగి, మెల్లగా అంది, "పెర్సిస్ గారూ, ఇది పూర్తిగా పోతదని నేను చెప్పను. కానీ చేయాల్సింది చాలా ఉంది."

"పోతదని చెప్పుమంటలేను," అంది పెర్సిస్. "ఎన్ని ఉన్నయో అన్ని దొరికినయా అని అడుగుతున్న."

"కనిపించినయి అన్నీ దొరికినయి. కనిపించనంత చిన్నవి ఉన్నయేమో తెలియాలంటే మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేయాలె. ఆ తరువాత మళ్లీ మూడు నెలలకు."

చూసినదాన్నే మళ్లీ మళ్లీ చూడాలన్నమాట. ఈసారి నేను ఎదురు చెప్పలేదు.

క్రిస్మస్‌కు ముందే కిరణాలు పెట్టారు. ముఖానికి వల లాంటి ముసుగు అచ్చు పోసి, తల కదలకుండా బల్లకు బిగించి, మూడింటికీ ఒకే రోజు. వాపుకు మాత్రలిచ్చారు, క్యాన్సర్ మందు మార్చారు. వచ్చేటప్పుడు ఆ ముసుగును అడిగి తెచ్చుకుంది పెర్సిస్. పరదా మూలలో మేకుకు తగిలించింది. కొత్తగా వచ్చినవాళ్లు చూసి జడుసుకుంటారు.

ఆ పండక్కి మా దుకాణం సగమే నడిచింది. ఒక ఫారం వాళ్లు ఆగలేక వేరే వ్యాపారికి సరుకు మళ్లించారు. రాకేష్ మాత్రం అందరి ముందూ మా గుడ్లను గిన్నెలో కొట్టి చూసి వాడాడు. తప్పు పట్టడానికి లేదు.

మార్చిలో మళ్లీ ఎంఆర్ఐ, మందుతోనే. ఈసారి చీటీ ఇవ్వకముందే రక్త పరీక్ష చేయించి తీసుకుపోయాను. అమరేందర్ నవ్వాడు. చిన్నవి రెండూ తెర మీద లేవు. వెనకది సగానికి పైగా తగ్గింది. కొత్తవి కనబడలేదు. రిషిత డాక్టర్ చక్రం తిప్పుతుంటే పెర్సిస్ రెండుసార్లు వెనక్కి తిప్పించి చూసింది.

ఇప్పుడు దుకాణంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. పెర్సిస్ ట్రే నింపి, "నిండింది" అనుకున్నాక, దాన్ని అటుది ఇటు తిప్పుతుంది. మళ్లీ చూస్తుంది. అప్పుడే గీత. మొన్న రాకేష్ వచ్చి గల్లాకు ఆనుకుని, ఆమె చేతుల వంక చాలాసేపు చూశాడు.

"అక్కా, గట్ల తిప్పుడు ఎందుకు? టైం వేస్ట్ గాదా?"

"నీ అయిదు గుడ్లు దొరికినయి గద రా దాంతోనే," అంది పెర్సిస్, తల ఎత్తకుండానే. తిప్పిన ట్రేలో మూలన ఒక గుంత ఖాళీగా కనిపించింది. గుడ్డు పెట్టి గీత పెట్టింది.

రాకేష్ ఆ ట్రేనే ఎత్తుకున్నాడు. "ఇగ గిన్నెను లోపట పెట్టేస్త," అన్నాడు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఇవి: అదే షట్టరు, అదే ఆటో, నాలుగింట్లో మూడు ఫారాలు. పెర్సిస్ కుడి పక్క చూపు మొత్తం. ఎడమ పక్క సగానికి కొంచెం ఎక్కువ. గడియారంలో పదకొండు నుంచి తొమ్మిది దాకా వచ్చాయి, ఏడూ ఎనిమిదీ ఇంకా రావాలి. మూడు చుక్కల్లో రెండు కనబడటం లేదు, ఒకటి చిక్కిపోయింది. జూన్‌లో స్కాన్ ఉంది. అప్పటిదాకా ఉన్న రోజులన్నీ లాభం కిందే రాసుకున్నాను.